చిలకమ్మ లద్దె

తెల్లారేసరికి నాగూర్ వలి గుర్రం చిలకమ్మ పొర్లుతూ మూలుగుతోంది. ఇప్పుడు ప్రతి గుర్రం మెడలోనూ ఉండే మాటల పట్టీ, "పేగులు కదలడం లేదు" అని చెప్పింది. గోడ మీది తెరలో కనబడిన పశువుల డాక్టరమ్మ, "మందు పోశారుగా, ఇక నడిపిస్తూనే ఉండండి. లద్దె వేస్తే బతికినట్టే" అంది.

నాగూర్ వలి కళ్లెం పట్టుకుని మధ్యాహ్నం దాకా వీధిలో తిప్పాడు. రోజూ లద్దె పడగానే ఎత్తుకుపోయే పంచాయతీ ఊడ్పుమర, అలవాటుగా వెనకే నడిచింది.

"రోజూ దాన్ని తిడతావు. చూడు, నీకంటే ఆశగా వస్తంది," అంది భార్య సైదమ్మ.

"నవ్వించమాకే. పదేళ్లుగా పెంచిన బిడ్డ," అన్నాడు వలి, చిలకమ్మ మెడ నిమురుతూ.

అంతలో చిలకమ్మ తోక ఎత్తింది. నాలుగు ఉండలు పడ్డాయి. మర ముందుకు ఉరికింది.

సైదమ్మ చీపురు అడ్డం పెట్టింది. "ఆగు నాయనా. ముందు మమ్మల్ని కళ్లారా చూసుకోనీ."