ఆక్సిజన్ స్టేజీ

"ఇరవై మూలకాలు. వరసగా. ఒక్కటి తప్పినా బైపీసీ లేదు, సీఈసీ సెక్షన్‌లోకి వెళ్ళి కూర్చోవడమే!" అన్నారు కెమిస్ట్రీ సార్ వరప్రసాదరావుగారు. అని ఊరుకోక గట్టిగా తుమ్మారు కూడా.

మహిమ గుండెల్లో రాయి పడింది. నర్సింగు చదవాలంటే బైపీసీ కావాలి. గ్రూపుల లిస్టేమో మధ్యాహ్నానికల్లా ఆఫీసుకి వెళ్ళిపోతుంది.

సార్ ఈ నందిగామ కాలేజీలో చేరి నాలుగు రోజులే అయింది. నాలుగు రోజులూ ఆలస్యమే. ఇవాళ మరీ మిర్చి బస్తాల ఆటోలోంచి దిగారు. కళ్ళు ఎర్రగా, ముక్కు అంతకంటే ఎర్రగా, చంకలో నల్ల గొడుగు. మనిషి అప్పటికే అగ్గిమీద గుగ్గిలంలా ఉన్నారు. మహిమకంటే ముందు లేచిన బెన్ని బోరాన్ దగ్గర నీళ్ళు నమిలి, పుస్తకాలు సర్దుకుని గోడ పక్కన నిలబడ్డాడు. సార్ తుమ్మినప్పుడల్లా మహిమకి తన సీటు తుమ్మితే ఊడే ముక్కులాగే అనిపిస్తోంది.

"ఊ, చెప్పమ్మా."

"భయపడకే, బస్సెక్కు," అని పక్కనుంచి గొణిగింది రూబీ.

ఆ గుట్టు రూబీకొక్కదానికే తెలుసు. మహిమ నాన్న నెహెమ్యా బస్సు కండక్టరు. మూలకాలు ఎంతకీ నోటికి రావడం లేదని కూతురు ఏడుస్తుంటే, ఆయన తనకు తెలిసిన విద్యలో పెట్టి నేర్పాడు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ దాకా ఇరవై స్టేజీలు. స్టేజీకో మూలకం.

మహిమ కళ్ళు మూసుకుంది. మనసులోనే పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. "రైట్, రైట్," అన్నాడు నాన్న.

జగ్గయ్యపేట బస్టాండు. "హైడ్రోజన్."

చిల్లకల్లు. "హీలియం."

గౌరవరంలో ఒక ముసలమ్మ కోడిపెట్టతో సహా దిగింది. ఆ కోడి దిగేదాకా ఆగి, "లిథియం," అంది మహిమ.

అలా ఒక్కో స్టేజీ దాటుకుంటూ పోయింది. అంబారుపేటలో కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. "ఆక్సిజన్." నందిగామలో సగం బస్సు ఖాళీ అయింది. "నియాన్." కంచికచర్లలో జామకాయల బుట్టలు ఎక్కాయి. "సిలికాన్." చివరికి విజయవాడ బస్టాండులో బండి ఆగింది.

"కాల్షియం!"

క్లాసంతా చప్పట్లు. మహిమకి గాల్లో తేలిపోతున్నట్టుంది. సార్ మాత్రం కళ్ళు చికిలించి చూశారు.

"మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నావేంటి? ఆగినప్పుడల్లా 'రైట్ రైట్' అని ఎవరితో గొణుగుతున్నావు? పక్కమ్మాయి అందిస్తోంది కదూ?"

"లేదు సార్, ఒట్టు సార్!"

"రూబీ, నువ్వెళ్ళి తలుపు దగ్గర నిలబడు." సార్ చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టారు. "ఇప్పుడు చెప్పు. ఈసారి ఎక్కడా ఆగడానికి వీల్లేదు. వేగంగా చెప్పాలి. పది సెకన్లు ఇస్తున్నా."

పది సెకన్లే! మహిమకి ముచ్చెమటలు పోశాయి. ఒక్క క్షణం తల గోక్కుంది. అంతలోనే మొహం వెలిగిపోయింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"హైడ్రోజన్, నియాన్, సిలికాన్, కాల్షియం!"

రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఇంకేముంది, గెలిచేశానన్నట్టు కళ్ళు తెరిచింది. చప్పట్లు లేవు. తలుపు దగ్గర రూబీ తల పట్టుకుని ఉంది.

"మిగతా పదహారు ఏమయ్యాయమ్మా?" అన్నారు సార్, చాలా నెమ్మదిగా.

"అక్కడ ఆగదు సార్."

"ఏది ఆగదు?"

"ఎక్స్‌ప్రెస్ సార్. మీరు ఆగకుండా వేగంగా రమ్మన్నారని పల్లెవెలుగు దిగేసి ఎక్స్‌ప్రెస్ ఎక్కా. అది జగ్గయ్యపేటలో బయల్దేరిందంటే నందిగామ, కంచికచర్ల, బెజవాడ. అంతే సార్!"

ఇక దాచి లాభం లేదని రూబీ తలుపు దగ్గర్నుంచే స్టేజీల సంగతంతా గడగడా చెప్పేసింది. క్లాసు ఘొల్లుమంది. బెన్ని అయితే తన సంగతి మర్చిపోయి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. సార్ నవ్వలేదు. పెన్ను తీశారు.

"పదకొండు?"

"ఐతవరం. సోడియం సార్."

"పద్నాలుగు?"

"కంచికచర్ల. సిలికాన్ సార్."

"ఎనిమిది?"

"అంబారుపేట. ఆక్సిజన్ సార్."

పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "ఎక్స్‌ప్రెస్ అక్కడ కూడా ఆగదా?"

"చచ్చినా ఆగదు సార్. ఈ వారం మా నాన్న దాంట్లోనే డ్యూటీ. ఎవరెంత చెయ్యెత్తినా రైట్ రైట్ అనేస్తాడు. పొద్దున నేనూ అందులోనే వచ్చా."

సార్ ఒకసారి మహిమని చూశారు. ఒకసారి బల్లమీది గొడుగుని చూశారు. అయిపోయింది, నా పని అయిపోయింది అనుకుంది మహిమ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వరప్రసాదరావుగారు మళ్ళీ ఒకసారి తుమ్మి, ముక్కు తుడుచుకుని, మహిమ పేరు పక్కన బైపీసీ అని పెద్దక్షరాలతో రాశారు.

"సీటు నీదేనమ్మా. కానీ రేప్పొద్దున ఆక్సిజన్ దగ్గర నల్లగొడుగు ఊపుతూ ఒకాయన నిలబడి ఉంటాడు, ఈ ఒక్కసారికి ఎక్కించుకోమని మీ నాన్నకి చెప్పు!"