పెట్టె చెప్పిన కారణం

"పేరు కూడా తెలీకుండా పరామర్శకొచ్చినావా పెద్దాయనా?"

లైన్లో అందరికన్నా ముందున్న ముసలాయనతో వెనకాల ఎవరో అన్నారు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. దీవెన కూడా నవ్వింది.

నంద్యాల కంటి ఆసుపత్రి హాల్లో ఈ మధ్య ఒక మాట్లాడే పెట్టె పెట్టారు. ఫోన్ నంబరు నొక్కితే అడిగేది ఎవరో గుర్తుపడుతుంది; మామూలు తెలుగులో ఏదైనా అడగొచ్చు. ఆసుపత్రి నియమాలన్నీ సరిచూసుకుని జవాబు చెబుతుంది. ఎందుకని అడిగితే కారణం కూడా చెబుతుంది.

ముసలాయన మళ్లీ పెట్టె మీదికి వంగాడు.

"అదేనప్పా, కన్ను మార్చినారే, ఈ పొద్దు కట్టు ఇప్పుతాండారే, ఆ పాపకు చూపొచ్చిందా?"

"ఆ వివరం మీకు చెప్పకూడదు."

దీవెన నవ్వు ఆగిపోయింది. ఆ రోజు కట్టు విప్పేది తన చెల్లెలు లూదియాకే.

ఎవరీయన? అనుమానం వెంటనే వచ్చింది. డోన్ నుంచి లూదియాకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల కన్ను సంగతి ఆరా తీయడానికి వాళ్లే ఈ మనిషిని పంపి ఉంటారు.

"ఎందుకని?" అని ఆయన అడగలేదు. అడగొచ్చని తెలియదేమో, పోయి బెంచీ మీద కూర్చున్నాడు.

దీవెన తన నంబరు నొక్కి, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"మా చెల్లెలికి కన్నిచ్చినోళ్లు ఎవరు?"

"దాత వివరాలు చెప్పకూడదు."

ఎప్పుడూ ఇదే జవాబు. వాళ్లెవరో తెలిస్తే కాళ్లు పట్టుకుని ఒక్క మాట చెప్పుకోవాలని అక్కచెల్లెళ్ల ఆశ. ప్రార్థనలో తలుచుకుందామన్నా పేరు తెలియదు.

అంతలో నర్సు లూదియాను నడిపించుకొచ్చింది. ముసలాయన గబగబా ఎదురొచ్చి, వంగి ఆ పిల్ల కళ్లలోకి చూశాడు.

"ఇట్ల చూడమ్మా. ఒక్కసారి."

దీవెనకు ఒళ్లు మండింది. మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఏందీ, ఆడపిల్ల మొహంలోకి అట్ల చూస్తాండావ్?"

"ఆళ్లగడ్డలో దేవుని బొమ్మలు చెక్కేటోన్ని తల్లీ. బొమ్మకు కండ్లు అన్నిటికన్నా కడాకు తెరుస్తాం. తొలిచూపు మా మింద పడకుండా ఎదురుగా అద్దం పెడ్తాం." ఆయన తుండుగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఈసారి పడితే బాగుండనిపించింది."

"మా చెల్లెలు బొమ్మ కాదు. పంపినోళ్లకు పోయి చెప్పుకో, పిల్ల కన్ను బాగుందని."

ముసలాయన మొహం విప్పారింది.

"బాగుందా? అంతే చాలు తల్లీ. ఇంటికాడ మా ఆమెకు అదే చెప్తా."

రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, గేటు దాటి, ఆళ్లగడ్డ బస్సెక్కాడు. బస్సు వెళ్లిపోయాక దీవెన తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"మసగ్గా కనపడ్తాండాదిక్కా," అంది లూదియా. "ఆ పెద్దాయప్ప ఏడుస్తాండె గదా?"

"ఏడుపు కాదు, యాక్టింగు. నువ్వు కూచో."

డోన్ వాళ్లు ఇంకొకరిని పంపితే? పెట్టె దగ్గరికి తిరిగి వెళ్లి నంబరు నొక్కింది.

"మా లూదియాకు చూపొచ్చిందా అని ఎవరడిగినా చెప్పొద్దు."

"చూపు వచ్చిందా లేదా అనేది ఎవరు అడిగినా చెబుతాను. అది ఇక్కడి నియమం."

"మరి ఇందాక ఆ పెద్దాయనకు చెప్పలేదే. ఎందుకని?"

పెట్టె ఎప్పటిలాగే తొణక్కుండా కారణం చెప్పింది.

"కన్ను ఇచ్చిన వారి కుటుంబానికి మాత్రం చెప్పకూడదు."