పిప్పి బొగ్గు

"బావినీళ్లలో విషమంతా నేను పెట్టించిన వడపోత కుండలోని చెరుకు పిప్పి బొగ్గు పీల్చేస్తోంది! పాత బొగ్గు ఎక్కడ పారేస్తున్నారు?" అన్నాడు బోధన్ నుంచి జీపులో వచ్చి, రాత్రి సర్పంచ్ ఇంట్లో బస చేసిన ఇంజనీరు.

"పారేసుడెందుకు సార్? ఉప్పేసి నూరి, ఊరంత పండ్లు తోముకుంటున్నం," అంది సర్పంచ్ భార్య ముత్తవ్వ.

ఇంజనీరు నాలుక కరుచుకున్నాడు. "విషం చేరేది ఆ బొగ్గులోకే కదమ్మా!"

"మీరు చెప్పకపోతిరి! పిల్లలు గూడ తోముకున్నరు సార్!"

"ఆ కాస్తకు ఎవరికీ ఏమీ కాదులే. పైవాళ్లకు మాత్రం చెప్పకండి."

ముత్తవ్వ మనసు కుదుటపడింది. "గట్లయితె మంచిదే. పొద్దుగాల మీకిచ్చిన పండ్లపొడి గూడ గదే సార్."

"డ్రైవర్! జీపు తియ్! ఆస్పత్రికి!"

ఇంజనీరు చెప్పులేసుకునేలోపే ముత్తవ్వ మనవళ్లిద్దరినీ జీపెక్కించింది.