మాటలొచ్చే కార్డు

"మాటలు రావట్లేదు," అంది వెనక నుంచి ఒకావిడ.

బేరానికొచ్చిన కళ్ళజోళ్ళ షాపాయన తల తిప్పి చూశాడు.

పాత కంప్యూటర్ సామాన్ల దుకాణం అది. బల్ల మీద విప్పిపెట్టిన ఆయన కంప్యూటర్లో కోట ఆట నడుస్తోంది. స్పీకర్లో పాట మోగుతోంది. ఆ పాటకు ఆయన కాలు దానంతటదే ఆడుతోంది. మధ్యలో ఈవిడ.

ఆవిడ కొన్న ప్రింటర్ వైరు అప్పటికే సంచిలో పడింది. వచ్చిన పని అయిపోయింది. అయినా కదల్లేదు.

"పాట వస్తోంది కదమ్మా," అన్నాడు దుకాణదారు.

"పాట వస్తోంది. మాటలు రావట్లేదు."

కళ్ళజోళ్ళాయన తొందర ఆయనది. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి వాళ్ళక్క గడప దాటలేదు. నడవమని డాక్టర్ చెప్పాడు, బావ చెప్పాడు, పిల్లలు చెప్పారు. అందరికీ సరేనంది, కుర్చీలోంచి లేవలేదు. చివరికి తమ్ముడు, మా ఇంటికొస్తే మనవాళ్ళే చేసిన ఆనాటి కోట ఆట ఆడుకుందామని ఆశ పెట్టాడు. అక్క ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. ఆట అచ్చం అప్పటిలాగే ఉండాలి. తేడా వస్తే వెనక్కి తిరుగుతుంది, ఆ తర్వాత నడక మాట ఎవరూ ఎత్తకూడదు.

సాయంత్రమే వస్తోంది.

ఆట దొరికింది. శబ్దం దగ్గరే చిక్కొచ్చింది. ఆయన కంప్యూటర్ కొత్తది. అందులోని సౌండ్‌ను విండోస్ రాకముందు డాస్ కాలపు ఆట గుర్తుపట్టదు. అప్పటి సౌండ్ కార్డే కొందామంటే, అది పట్టే స్లాట్ కొత్త బోర్డుల మీద లేదు. దుకాణదారు ఆ కాలానికీ ఈ కాలానికీ మధ్యలో వచ్చిన కార్డులు రెండు తీశాడు. రెండూ కొత్త స్లాట్‌లో కూర్చుంటాయి, మేము పాత కార్డులమేనని ఆటను నమ్మిస్తాయి.

ఇప్పుడు మోగుతున్న మొదటి కార్డులో పాట వాయించే చిప్పు అసలుది. కానీ కొత్త బోర్డు మీద మాటలు పెడితే ఆట బిగుసుకుపోతుంది. రెండో కార్డు మాటలు పలుకుతుంది. పాట మాత్రం రేకు డబ్బా మీద వాయించినట్టు ఉంటుంది.

పాత ఆటల పిచ్చి ఉన్నవాళ్ళందరూ మొదటిదే పట్టుకెళ్తారని దుకాణదారు చెప్పాడు. ఆట మొదలయ్యే ముందు పాటలు కావాలా, మాటలు కావాలా అని విడివిడిగా అడుగుతుంది. మాటలు వద్దని చెప్పేసి ఆడుకుంటారు.

"అందరూ వద్దంటారా?" అంది ఆవిడ.

"అందరూ అంతేనమ్మా."

ఆవిడ తెర మీది కోట వైపు వేలు చూపింది. "కోట తలుపు దగ్గర రాణి ఏదో అంటుంది కదా?"

కళ్ళజోళ్ళాయనకు నవ్వొచ్చింది. "రాణి మాట్లాడదమ్మా. చిన్నప్పటి నుంచి ఆడుతున్నా నేను. నోరు కదుపుతుంది, అంతే. మీరు వేరే ఆట అనుకుంటున్నట్టున్నారు."

ఆవిడ రెండో కార్డు ఒక్కసారి పెట్టి చూపించమని అడిగింది. భోజనానికి వెళ్ళాలన్నాడు దుకాణదారు. తన అక్క వచ్చే వేళవుతోందన్నాడు కళ్ళజోళ్ళాయన. వద్దనుకున్నది తర్వాత తిరిగిచ్చేయమని రెండు కార్డులూ ఆయన చేతిలో పెట్టాడు దుకాణదారు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"మీ అక్కగారికైనా ఆ రెండోది వినిపించండి," అని మెట్లు దిగింది.

"రోజుకొకరు తగులుతారు," అన్నాడు దుకాణదారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం అక్క చేతికర్ర ఊతంతో, మెట్టు మెట్టుకీ తమ్ముణ్ణి తిడుతూ పైకొచ్చింది. పాట మొదలుకాగానే తిట్లు ఆపింది. గుర్రాలను దాటించింది, కందకం దాటింది. కోట తలుపు తెరుచుకుంది. రాణి నోరు కదిలింది.

అక్క చెయ్యి ఆగింది. "రాణి ఏమందిరా?"

"ఎప్పుడైనా అందా, ఇప్పుడనడానికి?"

"అనేది."

"అక్కా, నేనూ నీ పక్కనే కూర్చునేవాణ్ణి."

"కూర్చునేవాడివి. హెడ్‌ఫోన్లు ఎవరి చెవులకుండేవి?"

తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. అక్క కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో, క్లాసు అయ్యాక ఇద్దరూ అక్కడే ఆడేవాళ్ళు. పెద్దది కాబట్టి హెడ్‌ఫోన్లు అక్కవి, బాణం మీటలు వీడివి. పాటైనా అక్క కూనిరాగం తీస్తేనే వీడికి వినిపించేది. తర్వాత సొంతంగా ఆడినప్పుడు వీడు కూడా అందరిలాగే మాటలు వద్దన్నాడు.

అక్క కర్ర అందుకుంది. "ఇది మన ఆట కాదు. నన్ను దింపి రా."

"టీ తాగి వెళ్దువు, కూర్చో," అని తమ్ముడు కంప్యూటర్ విప్పాడు. షాపులో వాడే స్క్రూడ్రైవర్ కళ్ళజోడుకు తప్ప దేనికీ పనికిరాలేదు. వంటింటి కత్తి తెచ్చాడు.

"దానికీ మోకాలి ఆపరేషనేనా?" అంది అక్క.

రెండో కార్డు పెట్టాడు. మాటలు కావాలని చెప్పాడు. పాట రేకు డబ్బాలాగే మోగింది. చెవులు చిట్లిపోతున్నాయంది అక్క, కానీ లేవలేదు. మళ్ళీ గుర్రాలు, కందకం, తలుపు.

"ఇంత ఆలస్యమా?" అంది రాణి. "రండి, మీ కోసమే నిలబడ్డాను."

అక్క చప్పట్లు కొట్టింది. కర్ర సంగతి మరిచి లేచి నిలబడింది. వచ్చే వారం మళ్ళీ వస్తానంది, ఈసారి హెడ్‌ఫోన్లు నువ్వే పెట్టుకో అంది.

తమ్ముడికి అదేమీ వినపడలేదు. ఆటను వెనక్కి తీసుకెళ్ళి రాణి చేత మళ్ళీ అనిపించాడు. ఇంకోసారి అనిపించాడు.

"ఏంట్రా, రాణి మీద మనసు పడ్డావా?"

వాడు దుకాణదారుకు ఫోన్ చేసి, మధ్యాహ్నం వచ్చినావిడ ఎవరని అడిగాడు. వైరు కోసం వచ్చిన మనిషి ఊరూ పేరూ ఎవరడుగుతారన్నాడు అతను.

దుకాణంలో విన్న గొంతే ఇది, అక్కడ కాస్త వయసు మీద పడింది, అంతే తేడా; రాణి మాట్లాడదని మధ్యాహ్నం తాను నవ్వుతూ చెప్పింది ఆ రాణికే.