లయ తగ్గిన క్యాసెట్

దగ్గరికి వేసిన తలుపు వెనక ఆశన్న క్యాసెట్ గట్టిగా మోగుతోంది. అది ఆగకూడదు. ఆగితే చుట్టాల్లో ఎవరో ఒకరు, "ముసలాయన ఏంజేస్తుండు?" అంటూ తలుపు తోస్తారు.

పొద్దున చాయ్ పట్టుకుని వెళ్లిన కోడలు నర్సక్క మామ చేయి ముట్టుకుని చూసింది. చల్లబడిపోయి ఉంది. ఆ సంగతి ఆమెకూ, భర్త సీతారాంకూ తప్ప చంద్రపూర్ బాబుపేట్‌లో ఎవరికీ తెలియదు. కాసేపట్లో పీటల మీద కూర్చోబోతున్న కూతురు ప్రజ్ఞకు అసలే తెలియదు.

చెబితే పెళ్లి ఆగుతుంది. మైల తీరేలోపు మూఢం వస్తుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ప్రజ్ఞకు ఇంతకుముందు ఒక సంబంధం ఖాయమయ్యాక పెళ్లికొడుకు తండ్రి పోయాడు. "అడుగు పెట్టకముందే మింగింది" అన్నారు జనం. ఇప్పుడు పెళ్లినాడే తాత. ఇక ఆ పిల్లను ఎవరు చేసుకుంటారు?

ఆశన్న ఒకప్పుడు చంద్రపూర్‌లో పేరున్న ఆర్కెస్ట్రా నడిపాడు. కేబుల్ టీవీలు వచ్చాక అది మూతపడింది. నాగ్‌పూర్‌లో రికార్డు చేయించిన ఈ ఒక్క క్యాసెట్ మిగిలింది. వయొలిన్లు, క్లారినెట్లు, ఢోలక్‌లతో తాను కట్టిన పెండ్లి పాట. గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది లయ. టేప్ రికార్డర్ ఏమాత్రం మందగించినా మంచం మీంచి అరిచేవాడు.

"లయ తగ్గితే సుర్ దిగుతది. సుర్ దిగితే పెండ్లి పాట పీనుగు పాటయితది. బంద్ జెయ్యుండ్రి!"

గల్లీ మొత్తానికీ తెలిసిన అరుపు అది.

పక్క ఊరు విసాపూర్ నుంచి మగపెళ్లివారి మెటడోర్ వ్యాన్ వచ్చి ఆగింది. పెళ్లికొడుకు తండ్రి పోచన్న విడిదికి కూడా పోకుండా నేరుగా ఇంట్లోకి వచ్చాడు. తల ఇంకా తడిగానే ఉంది. ఆశన్న దగ్గర ఏళ్ల తరబడి ఢోలక్ వాయించినవాడు. అతన్ని చూడగానే సీతారాం తలుపుకు అడ్డంగా జరిగాడు.

"రా బావా. మీ అమ్మ రాలేదా?"

"మోకాళ్లు పట్టేసినయ్. రేడియో పెట్టొచ్చిన, ఇనుకుంట ఉంటది." పోచన్న చూపు తలుపు మీదికి పోయింది. "ఉస్తాద్ ఏడీ?"

"రాత్రంత దగ్గిండు. గిప్పుడే కన్నంటుకుంది."

"గింత చప్పుడుల నిద్రనా?"

"గా పాట ఉంటెనే ఆయనకు నిద్ర," నర్సక్క గబుక్కున అందుకుంది. "చాయ్ దాగు అన్నా."

"వద్దు చెల్లె." పోచన్న తలుపు పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాటకు తగ్గట్టు వేళ్లతో తొడ మీద దెబ్బలు వేస్తున్నాడు. "లేశినంక కాళ్లు మొక్కి పోత."

అప్పుడే కరెంటు పోయింది. థర్మల్ కేంద్రం నుంచి దేశానికంతా కరెంటు పంపే ఊళ్లో కరెంటు పోవడం మామూలే. కానీ పాట తెగింది. పోచన్న తలుపు వైపు తిరిగాడు.

నర్సక్క లోపలికి దూరి తలుపు మూసుకుంది. వైరు పీకేసి, టేప్ రికార్డర్‌లో ఎప్పటినుంచో ఉన్న పాత సెల్లులతోనే మీట నొక్కింది. పాట మళ్లీ మొదలైంది. బయటికొచ్చి కొంగుతో చెమట తుడుచుకుంది.

కాసేపే. తర్వాత వయొలిన్లు సాగడం మొదలుపెట్టాయి. గుర్రం కుంటింది. క్లారినెట్ గొంతు బొంగురుపోయి ఏడుపులోకి దిగింది. తొడ మీద పోచన్న వేళ్లు ఆగాయి.

లోపలినుంచి అరుపు రావాలి. రాలేదు.

పాట ఇంకా దిగింది. "ఏందే, ముసలాయన ఊకున్నడు?" పందిట్లో ఎవరో నవ్వారు.

పోచన్న సీతారాం ముఖంలోకి చూశాడు. "బావా, పిల్ల బతుకు..." అంటూ సీతారాం అతని కాళ్ల మీదికి వంగాడు.

పోచన్న అతని రెక్క పట్టి లేపాడు. తలుపు కొంచెం తెరిచి లోపలికి చూశాడు. గడప దాటలేదు. అక్కడినుంచే రెండు చేతులూ జోడించి, తలుపు మళ్లీ లాగేశాడు.

"చెల్లె, కొత్త సెల్లులు తెప్పియ్యి," అన్నాడు మెల్లగా. "గిట్ల మోగితే ఎవలన్న కనిపెడ్తరు. బావా, నువ్వు మొఖం కడుక్కో. అయ్యగారిని జెర జల్ది చెయ్యమను."

"అన్నా, నువ్వు..."

"ఇప్పుడు కాదు. ఏడ్సుడు తాళి పడ్డంక."

కొత్త సెల్లులతో పాట దౌడు అందుకుంది. ఆ దౌడులోనే తాళి పడింది.

పోచన్న పీటల దగ్గరికి రాలేదు. పందిరి చివర గుంజ పక్కన నిలబడ్డాడు. అందరూ అక్షింతలు వేశారు. అతని పిడికిలి విప్పుకోలేదు. బొట్టు పెట్టబోతే వెనక్కి జరిగాడు. విస్తరి ముందు కూర్చోలేదు. తమ ఇంటి మైల తెలిసీ పైకి అనకుండా మింగుకున్న ఆ మనిషిని చూసి నర్సక్క వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పగింతల ఏడుపు అనుకున్నారు చుట్టాలు.

సీతారాం అతని చేతులు పట్టుకున్నాడు. "నీ మేలు మరువ బావా."

"నా కోడలిని ఎవలు ఒక్క మాట అనొద్దు. గంతే," అన్నాడు పోచన్న. "పిల్లలను జెర ఆగి తోలు. నేను ముందుగాల పోత."

విసాపూర్‌లో ఇంటి తాళం తీసి, తెల్లవారుజాము నుంచి మోగుతూనే ఉన్న రేడియోను కట్టేసి, పోచన్న తన తల్లి ముఖం మీద తాను కప్పి వెళ్లిన తెల్లగుడ్డను తొలగించాడు.