ప్రతిధ్వని కొట్టు ఎటు?

ఆమె కొట్టులోకి వస్తూనే గోడ మీది స్విచ్చి కట్టేసింది.

మోగుతున్న స్పీకర్లన్నీ గొంతు నొక్కినట్టు ఒక్కసారిగా ఆగిపోయాయి.

బల్ల వెనక చెక్కకు ఉప్పుకాగితం రుద్దుతున్న పెట్టెలాయన దిగ్గున లేచాడు. స్పీకర్ పెట్టెలు సొంత చేతులతో చేసి అమ్ముకుంటాడు కనక వీధిలో ఆయనకు ఆ పేరే స్థిరపడింది.

"ఎవరమ్మా మీరు? నా కొట్లోకొచ్చి నా నోరే మూయిస్తారేంటి?"

"కొట్లకు బోర్డులు, గుర్తులు, అలంకరణ చేస్తుంటానండీ. మీకు పనుందని విన్నాను," అంది. నడివయసు మనిషి. చంకలో కాగితాల చుట్ట. "అన్నీ కలిపి మోగిస్తే సంతలా ఉంది. ఏదో ఒక్కటి వినిపించండి."

ఆయన గొణుక్కుంటూనే ఒకటి మోగించాడు.

పాట అయ్యేదాకా ఆమె కళ్లు మూసుకుని కదలకుండా నిలబడింది.

"సరుకు బంగారం. మొహమే లేదు."

"మొహం సంగతి తర్వాత. ముందు నాక్కావలసింది వినండి." పెట్టెలాయన పక్కవీధి వైపు వేలు చూపించాడు. "అక్కడ మా తోడల్లుడున్నాడు. నా దగ్గరే పని నేర్చుకుని నాకే ఎసరు పెట్టాడు. ఈ ఏడాదీ బేరాలిలాగే ఏడిస్తే, నా బోర్డు దించేసి వాడి పేరు మీద పెట్టెలు చేసిపెట్టాలి. అప్పుడే కబురు కూడా పంపాడు! వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడేకంటే ఈ కొట్టు తగలబెట్టుకుంటాను. నా బోర్డు చూసి వాడు కుళ్లి ఏడవాలి. అలాంటిది రాయండి."

"ఆయన కొట్టు తెలుసు," అంది ఆమె.

"తెలుసుగా మరి. వెనక నల్లగుడ్డ, పైన దీపం, దాని కింద ఒకే ఒక్క పెట్టె. లోపలంతా డొల్ల. కానీ ఆ వేషం ఉంది చూశారూ, అక్కడ మాత్రం వాడి బుర్రకి దణ్ణం పెట్టాలి."

కాగితాల చుట్టలోంచి పెన్సిలు తీస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఆయన బుర్రకా?"

"మరి నా బుర్రకా?"

ఆమె కాగితం పరిచి గబగబా గీసింది. ఖాళీ గోడ. ఒక పెట్టె. పైన చిన్న అక్షరాల్లో పెట్టెలాయన ఇంటిపేరు. అంతే.

పెట్టెలాయన కాగితాన్ని తిరగేసి కూడా చూశాడు.

"ఇందులో మా తోడల్లుడేడీ?"

"లేడు. మీ బోర్డు మీదా ఉండకూడదు, మీ నోట్లోనూ ఉండకూడదు. అలాంటి మనిషి ఒకడున్నాడన్న సంగతే ఊరు మరిచిపోవాలి. పగంటే అదీ!"

చివరి మాట ఆమె పళ్ల మధ్య నుంచి వచ్చింది. జీవితమంతా శబ్దంతోనే గడిపిన పెట్టెలాయనకు అందులోని కసి వినపడలేదు.

"ఇది పగ కాదమ్మా, సన్యాసం! చెంపదెబ్బ కొట్టమంటే నా చేతులు కట్టేస్తారేంటి?"

"ఒక్క పండక్కి... కాదు, ఒక్క నెల నా మాట వినండి. కూలి కూడా వద్దు."

"ఊరికే చేస్తానన్నప్పుడే తెలిసింది లెండి, పనితనం ఏపాటిదో. ఈ గీతలు మా ఇంట్లో పిల్లలూ గీస్తారు. బయల్దేరండి."

ఆమె కాగితాలు చుట్టుకుంది. వెళుతూ వెళుతూ స్విచ్చి వేసింది. స్పీకర్లన్నీ మళ్లీ గోల ఎత్తుకున్నాయి.

పెట్టెలాయన తనే కూర్చుని రాసుకుని, పెయింటరు చేత మనిషెత్తు అక్షరాల్లో ఎర్రగా రాయించాడు.

"అసలు శబ్దం ఇక్కడ! పక్కవీధిలో ఉన్నది ప్రతిధ్వని!"

వీధి వీధంతా ఆగి చదివింది. పగలబడి నవ్వింది. పెట్టెలాయన కడుపు చల్లబడింది.

మర్నాడు ఒక కొత్త జంట గుమ్మంలో నిలబడింది.

"రండి, రండి!"

"లేదండీ... ఆ ప్రతిధ్వని కొట్టు ఎటు?"

ఆయన వేలు అలవాటు కొద్దీ పక్కవీధి వైపు లేచింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లూ అదే అడిగారు. అంతగా ఏముందో చూసొద్దామని వెళ్లినవాళ్లు పెట్టె చంకనెత్తుకుని తిరిగొచ్చారు. తోడల్లుడు ఇంకో అడుగు ముందుకేసి, తన పెట్టెల మీద 'ప్రతిధ్వని' అనే అచ్చు కొట్టించుకున్నాడు.

"బోర్డు మనది, బేరం మా చెల్లెలిది," అంది పెట్టెలాయన భార్య అన్నం వడ్డిస్తూ.

"నోరు మూస్తావా?"

"నేను మూస్తాను సరే. ఆ బోర్డు నోరు ఎవరు మూస్తారు?"

చివరికి ఆయనే మూశాడు. నిచ్చెన వేసుకుని, తన చేత్తోనే బోర్డు దించుకుని, పక్కవీధికి నడిచాడు.

తోడల్లుడు ఎదురొచ్చి కుర్చీ లాగాడు.

"రండి అన్నయ్యా, రండి. మనలో మనకేంటి! ఇకనుంచి మీరు చేసే పెట్టెల మీద మా గుర్తే కదా?"

"ఊఁ."

ఆ ఊఁ వినేదాకా ఆగి, తోడల్లుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇక చెప్పినా ఫర్లేదు. ఒకావిడ కాగితాల చుట్ట పట్టుకుని మీ కొట్టు మెట్లెక్కిందని విన్న రోజు నాకు ముద్ద దిగలేదంటే నమ్మండి."

"ఆవిడా? పిచ్చిగీతలు గీస్తే నేనే పొమ్మన్నాను. ఇంతకీ ఎవరావిడ?"

తోడల్లుడు వీధిలోకి ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించాడు.

"ఈ నల్లగుడ్డ, ఈ దీపం, ఈ ఒంటి పెట్టె అన్నీ ఆవిడ బుర్రలోంచి వచ్చినవే అన్నయ్యా, అంతా నాదేనని చెప్పుకుని ఆవిణ్ణి గెంటేస్తే, నన్ను ముంచి తీరతానని ఇదే గుమ్మంలో ఒట్టేసి, తిన్నగా మీ దగ్గరికే వచ్చింది."