కరినాగును ఎవరూ తిట్టొద్దు

మధ్యాహ్నం రెండింటికి గోపీచంద్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "సాయంత్రం కరినాగు రింగులోకి వస్తే ఎవరూ అరవొద్దు. ఎవరూ తిట్టొద్దు. తల వంచుకుని ఫోన్లు చూసుకోండి."

రెండు వందల నలభై మంది ఉన్న గ్రూపు. అరగంటలో నూటెనభై బొటనవేళ్లు లేచాయి.

'గర్జన' కుస్తీ కంపెనీ పుట్టి ఐదు నెలలు. నెలకో ఆదివారం హోసూరు పక్కన పశువుల సంత మైదానంలో రింగు కడతారు. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని అందరికీ తెలుసు. అయినా వస్తారు. తగువంతా ఆ రాసిన తీరు మీదే.

పోయిన నెల ఓనరు వెంకటరమణప్ప మైకులో ఒక మాట చెప్పాడు. ఏడాది ఒప్పందాలు జనం నోరు చూసి రాస్తాడట. ఎవరికి మైదానం పలకదో వాళ్లు ఇంటికి.

గోపీచంద్‌కు అంతకన్నా ఏం కావాలి. గుంటూరు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి వచ్చాక అతనికున్న ఒకే సరదా ఈ కుస్తీ. దాన్ని విలన్ వేషం కట్టే కరినాగు పాడు చేస్తున్నాడు.

"ఐదు నిమిషాలు మెడ పట్టుకుని కూర్చుంటాడు. అది కుస్తీయా, కునుకా?" అన్నాడు మైదానం గేటు దగ్గర.

ధనశేఖర్ అదే ఫ్యాక్టరీలో పక్క మిషను మనిషి. సూళగిరి వాడు. "అందరూ హీరో మెరుపు మాదిరి పల్టీలు కొడితే పల్టీకి విలువేముందప్పా? వాడు మెల్లిగా నలిపితేనే గదా మనకు కడుపు రగిలేది."

"రగల్లేదు. నిద్రొచ్చింది."

"నిద్రొస్తే రూములో పండుకోకూడదా? టికెట్టు కొని ఈడ పండుకునేదేమిటికి?"

గోపీచంద్ కళ్లు ముందు వరసలో ఉన్న మునివెంకటమ్మ మీద ఉన్నాయి.

జవళగిరిలో గొర్రెలు మేపుకునే మనిషి. ప్రతి ఆటకూ బస్సెక్కి వస్తుంది. కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంటుంది. కరినాగు కనబడితే చాలు, నోరు ఆగదు. నీ రంగు కారిపోను. నీ నల్లబట్ట కాకులెత్తుకుపోను. ఆమె మొదలుపెడితే మైదానమంతా అందుకుంటుంది.

గోపీచంద్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఈ ఒక్కరోజు నోరు కట్టుకోవాలి."

"ఏమిటికప్పా?"

"అందరం గమ్మునుంటే వాణ్ని తీసేస్తారు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "తీసేస్తే యాడికి పోతాడు?"

"ఎక్కడికో పోతాడు. మనకెందుకు?"

"అవును," అంది ఆమె కొంగు సర్దుకుంటూ. "మనకేమిటికి."

ఐదున్నరకు కరినాగు వచ్చాడు. మొహానికి నల్లరంగు, నుదుట పడగ బొమ్మ. అండమాన్ అడవుల నుంచి వచ్చాడని మైకు చెప్పింది. ఎవరూ తల ఎత్తలేదు.

తాడు మీద చెయ్యి వేసి జనాన్ని ఉరిమి చూశాడు. చప్పుడు లేదు. ఎదుటి కుస్తీవాడు మెరుపును ఎత్తి కుదేశాడు. పలకల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మెడ పట్టాడు. మైదానం చివర కట్టేసిన ఎద్దు గిట్టలు కూడా వినబడుతున్నాయి.

"నీ రంగు కారిపోను," అంది మునివెంకటమ్మ.

వెనక ఎవరో ఉష్ అన్నారు. ఆ మాట అక్కడే పడిపోయింది.

"నీ నల్లబట్ట..." ఆమె గొంతు కీచుమంది. ఒక్కరూ అందుకోలేదు.

వెంకటరమణప్ప చేతులు కట్టుకుని రింగు పక్కనే నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపి, కారు వైపు నడిచాడు. గోపీచంద్ ధనశేఖర్ డొక్కలో పొడిచాడు. అయిపోయింది.

అప్పుడు మునివెంకటమ్మ లేచింది. వంగి రెండు చేతులా ఎర్రమన్ను ఎత్తింది.

"నిన్ను కన్న కడుపు కాలిపోనురా. తొమ్మిది నెలలు మోసి నిన్ను భూమ్మీద ఏసిందే, దాని కడుపు మాడి మసిగాను."

మన్ను పోయి కరినాగు రొమ్మున పడింది.

అతని చేతులు వదులయ్యాయి. మెరుపు జారి కింద పడ్డాడు. కరినాగు కదల్లేదు. ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తాళ్ల కింది నుంచి దూకి ఆమె మీదికే వచ్చాడు.

మైదానం భగ్గుమంది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి, కుర్చీలు లేచాయి. "ముసలామె మీదికేందిరా" అని అందరికన్నా ముందు అరిచింది గోపీచంద్. తర్వాత ఎవరేం తిట్టారో ఎవరికీ వినబడలేదు. రెఫరీ పది లెక్కపెట్టినా కరినాగు రింగులోకి రాలేదు. ఓడిపోయాడు. నలుగురు పట్టుకుని పరదా వెనక్కి ఈడ్చుకుపోతుంటే జనం గేటు దాకా వెంటపడ్డారు.

వెంకటరమణప్ప కారు దగ్గర నుంచి తిరిగి వచ్చాడు. మైకు తీసుకున్నాడు. "ఏడాది. కరినాగుకు ఏడాది ఒప్పందం."

"నీ నోరే ముందు లేసింది గదప్పా," అన్నాడు ధనశేఖర్.

గోపీచంద్‌కు ఆ మాట పట్టలేదు. ముందు వరసలో మునివెంకటమ్మ లేదు. ఆమె చెప్పులున్నాయి, ఆమె లేదు.

"పరదా దిక్కు పోయినట్టుంది," అన్నారెవరో.

కరినాగు ఆమెను చూసిన చూపు వేషం చూపు కాదు. గోపీచంద్ పరుగెత్తాడు. దారిలో ఎద్దులు కట్టే గూటం ఒకటి పెరికి చేతబట్టాడు. పరదా పక్కకు లాగాడు.

లోపల ఇద్దరే ఉన్నారు. కరినాగు ఆమె రెండు మణికట్లూ బిగబట్టి నిలబడ్డాడు. ఆమె తల వంచుకుని వణుకుతోంది.

గోపీచంద్ గూటం ఎత్తాడు.

"నన్నేమన్నా తిట్టమ్మా," అంటున్నాడు కరినాగు, "నన్ను మోసిన నీ కడుపును మాత్రం ఇంగెప్పుడూ తిట్టుకోవద్దు."